పుర్రచేతి కలం

ఓబులమ్మకు చుక్క కుదరడం లేదు.

చుక్కంటే ముగ్గు చుక్క కాదు. ముగ్గు చుక్కలైతే ఆమె కళ్ళు మూసుకుని పెడుతుంది. ఇది ఖలందర్ ఉస్తాదు చెప్పిన చుక్క. వెడల్పు మొన ఉన్న కలాన్ని సిరాలో ముంచి, కాగితానికి ఆనించి, కాస్త పక్కకు లాగి ఎత్తాలి. నాలుగు మూలలూ పదునుగా ఉన్న చుక్క పడాలి. పేకముక్కల్లో డైమను గుర్తులా అది ఒక మూల మీద నిలబడాలి. అందంగా రాయడం నేర్చుకుందామని ఆయన దగ్గరికి ఎవరొచ్చినా, తెలుగు రాయాలన్నా ఉర్దూ రాయాలన్నా ముందు నేర్చుకోవలసింది ఆ చుక్కే. అక్షరం ఎత్తెంత, దాని పొట్ట ఎంత, తోక ఎంత అన్నీ చుక్కలతోనే కొలవాలి. చుక్క రానివాళ్ళకు అక్షరం లేదు.

ఓబులమ్మ పెట్టిన చుక్కకు పైమూల ఉంటే కిందిమూల ఉండదు. ఒక పక్క సిరా ముద్ద కడుతుంది. రెండో పక్క ఎలుక కొరికినట్టు ఉంటుంది. పక్కన కూర్చున్న కాలేజీ పిల్లలు వరసలకు వరసలు నింపుకుంటూ పోతుంటే, ఆమె కాగితం మీద మాత్రం సగం సగం చుక్కలే.

దీనికి కారణమేమిటో ఆమె తొందరగానే కనిపెట్టింది. కలం మంచిది కాదు.

ఓబులమ్మది కడపలో గాజుల అంగడి. నాన్న పెట్టింది, ఆయన పోయాక ఆమే చూసుకుంటోంది. వయసు నలభై దాటింది. మనసు మంచిది, నోరు గట్టిది. బేరం దగ్గర ఆమెతో నెగ్గిన మనిషి ఆ బజారులో లేడు. అలాంటి మనిషికి చేతిరాత మీద ఎందుకు మనసు పోయిందంటే, అంగడి బోర్డు వల్ల.

బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోతే, తిరిగి రాయించడానికి ఖలందర్ ఉస్తాదును పిలిపించింది. ఆయన పెళ్ళిపత్రికల మీద పేర్లూ సమాధి రాళ్ళ మీద పేర్లూ రాసే మనిషి. ఆరోజు నిచ్చెన మీద నిలబడి ఆయన 'గా' రాస్తున్నాడు. గీత సన్నగా బయలుదేరి, ఒంపు దగ్గర లావెక్కి, మళ్ళీ సన్నబడి దీర్ఘంలోకి ఎక్కింది. ఒక పిల్ల చేతికి గాజు సగం తొడిగి, ఆ సంగతే మరిచిపోయి ఓబులమ్మ పైకి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల అమ్మ అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

నిచ్చెన దిగాక ఆయన్ను అడిగింది, నాకూ నేర్పిస్తారా అని. ఆదివారం పొద్దున రమ్మన్నాడు. ఏమేం కొనుక్కుని రావాలని అడిగింది. కలమా, సిరానా, కాగితమా, ఏ రకం, ఎక్కడ దొరుకుతుంది అని వరసపెట్టి అడిగింది.

"చెయ్యి తెచ్చుకో అమ్మా. చాలు," అన్నాడాయన.

పెద్దాయన తమాషాకు అన్నాడనుకుని ఆమె నవ్వింది. అక్కడే ఆమె పొరపాటు పడింది, ఆయనా పడ్డాడు. ఎందుకంటే ఏ చెయ్యి తెచ్చుకోవాలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఓబులమ్మది పుర్రచెయ్యి.

చిన్నప్పుడు ఆమె అవ్వ ఆ చేతికి గుడ్డ చుట్టి నడుముకు కట్టేసేది. బడిలో పంతులు, బలపం ఎడమచేతిలో కనబడితే చాలు, బెత్తం అందుకునేవాడు. కట్టిన అవ్వా కొట్టిన పంతులూ చెడ్డవాళ్ళేం కాదు. పిల్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళే, పిల్ల బాగుపడాలనే చేశారు. ఈ సంగతి తలుచుకుంటే ఓబులమ్మకు ఒళ్ళు మండేది కూడా అందుకే. చెడ్డవాళ్ళయితే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

అంగడిలో కూర్చున్న కొత్తలో ఒక పెళ్ళికూతురికి ఆమె ఎడమచేత్తో గాజు తొడగబోయింది. ఆ పిల్ల మేనత్త గబుక్కున పిల్ల చెయ్యి వెనక్కి లాగేసుకుని, పెళ్ళివారినందరినీ వెంటబెట్టుకుని ఎదురంగడికి వెళ్ళిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాటి నుంచి ఓబులమ్మ ఎడమచెయ్యి బల్ల కింద ఉండిపోయింది. గాజుల పెట్టె జరపడానికీ, గుడ్డ పట్టుకుని దుమ్ము తుడవడానికీ మాత్రమే అది బయటికి వచ్చేది.

కుడిచెయ్యి పనులన్నీ నేర్చుకుంది. అందరిలాగానే నేర్చుకుంది. కానీ అది చేసే పనిలో ఆమెకు ఎప్పుడూ పరాయితనమే తోచేది. వేరే ఎవరినో పనికి పెట్టుకున్నట్టు ఉండేది.

అందుకని మొదటి ఆదివారం ఖలందర్ ఉస్తాదు గదిలో చాప మీద కూర్చుని కలం పట్టుకునేటప్పుడు ఆమె ఎడమచేత్తోనే పట్టుకుంది. ఆలోచించి పట్టుకుంది. గదిలో అందరికంటే పాత శిష్యుడు దస్తగిరి సారు, బడిలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, అది చూసి మెల్లగా వచ్చి చెయ్యి మార్చుకోమని చెప్పాడు. ఓబులమ్మ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"అన్నం కుడిచేత్తో తింటాండా సారూ. హారతి కుడిచేత్తో తీసుకుంటాండా. గాజులు కుడిచేత్తో తొడుగుతాండా. అన్నీ దానికే ఇచ్చేసినా. ఇది మాత్రం ఇయ్యను."

దస్తగిరి సారు ఉస్తాదు వైపు చూశాడు. ఉస్తాదు సిరాబుడ్డిలోని పట్టుదారపు ఉండను పుల్లతో కలుపుతున్నాడు. కలానికి సిరా ఎక్కువ అంటకుండా ఆయన బుడ్డిలో ఎప్పుడూ ఆ ఉండను నానబెడతాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ కలుపుకున్నాడు.

ఇక అక్కడి నుంచి మొదలైంది కలాల వేట.

మొదట కొన్నది స్టీలు పాళీల పెట్టె. చెక్క పిడికి పాళీ గుచ్చుకుని రాయాలి. వాలుగా కోసిన పాళీలు, సన్నవీ లావువీ అన్నీ ఉన్నాయి. పుస్తకాలంగడి శెట్టి ఇదే అసలైనదని ఒట్టేసి మరీ ఇచ్చాడు. అది కాగితాన్ని గీరింది. తర్వాత చదును మూతి ఉన్న ఇంకుపెన్ను. దాంతో చుక్క పడింది గానీ పక్కకు ఒరిగి పడుకుంది. ఆ తర్వాత కుంచె మొన ఉన్న పెన్ను. దానితో చుక్క బొద్దింకలా వచ్చింది. సిరా పలచనైందేమోనని చిక్కటి సిరా కొంది. కాగితం పీల్చుకుంటోందని నున్నటి కాగితం కొంది. నున్నటి కాగితం మీద సిరా జారుతోందని మళ్ళీ గరుకుది కొంది. ఆమె కనబడగానే శెట్టి లేచి కుర్చీ వేసే దాకా వచ్చింది వ్యవహారం.

క్లాసులో తలా ఒక మాట చెప్పేవాళ్ళు. బ్యాంకు కాషియరు ఒకాయన సిరాలో కాస్త జిగురు కలపమన్నాడు. కాలేజీ పిల్ల ఒకతి ఊళ్ళో దొరికేవన్నీ దండగ, పై ఊళ్ళ నుంచి తెప్పించుకోమంది. ఓబులమ్మ అన్నీ విన్నది, అన్నీ చేసింది, ప్రతి ఆదివారమూ కొత్తగా కొన్నదాన్ని ఉస్తాదుకు చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందమ్మా అని తిరిగి ఇచ్చేవాడు. ఏ కలం మంచిదని ఆమె నిలదీసి అడిగితే మాత్రం కిటికీ వైపు చూసేవాడు.

చుక్క ఒకటే కాదు బాధ. ఎడమ నుంచి కుడికి వరస పెట్టుకుంటూ పోతుంటే ఆమె అరచెయ్యి అప్పుడే పెట్టిన తడి చుక్కల మీద నడిచేది. ఇంటికి వెళ్ళేసరికి అరచెయ్యి అంతా నలుపు. సోమవారం అంగడికి వచ్చిన ఆడవాళ్ళు ఆ మరకల చెయ్యి చూసి, ఏం ఓబులక్కా, బొగ్గుల అంగడి గూడా పెట్టినావా అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. కానీ ఆ చేతిని బల్ల కింద పెట్టుకోవడం మానేసింది.

ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదికోసారి ఖలందర్ ఉస్తాదు తన గురువును తలుచుకునే రోజు వస్తుంది. ఆ రోజు ఆయన పేర ఫాతిహా ప్రార్థన చదివి, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద చేసి అందరికీ పంచుతారు. తర్వాత ఆ ఏడు చేరినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, ఉస్తాదు తన చేత్తో చెక్కిన రెల్లుకలం ఇస్తాడు. అంతదాకా వాళ్ళు వచ్చిపోయేవాళ్ళే, ఆ కలం అందుకున్నాకే శిష్యులు. అందుకున్నవాళ్ళు అందరి ముందూ దానితో ఒక వరస చుక్కలు పెట్టాలి. కింద దస్తగిరి సారు వాళ్ళ పేరు రాస్తాడు. ఆ కాగితం ఉస్తాదు గురువుగారి కలాల పెట్టెలోకి వెళుతుంది.

పెట్టెలో కాగితాలు వరస తప్పకూడదు. ముందు చేరినవాళ్ళది పైన, వెనక చేరినవాళ్ళది కింద. దస్తగిరి సారుకు ఆ వరస అంటే ప్రాణం. ఖలందర్ ఉస్తాదు పిల్లవాడిగా ఉన్నప్పుడు పెట్టిన చుక్కల కాగితం కూడా అందులోనే ఉందనీ, అదే అన్నిటికంటే పైన ఉంటుందనీ చెప్పుకుంటారు.

చుక్క రానివాళ్ళను ఆ రోజు పిలవరు. పిలవనివాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాలి. ఆగినవాళ్ళు తక్కువ. చాలామంది మర్నాటి నుంచి కనిపించరు, వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

ఆ రోజు దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం దస్తగిరి సారు అంగడికి వచ్చాడు. మనవరాలికి గాజులు కావాలన్నాడు. గాజులు చూస్తూ చూస్తూ అసలు సంగతికి వచ్చాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజంగానే ఆమె కోసం దిగులు పడుతున్నాడు. ఆ ఒక్క పూటకు కుడిచేత్తో పెట్టెయ్యమన్నాడు. ఆమె చెయ్యి తిరిగిన మనిషి, కుడిచేత్తో అయితే చుక్క ఒక్కరోజులో వచ్చేస్తుందన్నాడు. కలం చేతికి వచ్చాక ఇంట్లో ఏ చేత్తో రాసుకున్నా అడిగేవాళ్ళు లేరన్నాడు. అడ్డం వస్తున్నది కలం కాదని కూడా, చాలా మెత్తగా చెప్పాడు.

ఆయన వెళ్ళాక అంగడిలో ఎవరూ లేరు. ఓబులమ్మ కలాల డబ్బా తీసింది. ఇప్పుడది చిన్న డబ్బా కాదు, బిస్కెట్ల డబ్బా. అందులోంచి మొదట కొన్న స్టీలు పాళీనే తీసి, కుడిచేతిలో పట్టుకుని, సిరాలో ముంచి, కాగితం మీద పెట్టి లాగింది.

నాలుగు మూలల చుక్క పడింది. నిలబడింది. ఇంకొకటి పెడితే అదీ నిలబడింది.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. సంతోషం రాలేదు. పక్కింటి పిల్లకు ఫస్టు మార్కు వచ్చినట్టు అనిపించింది. అంటే ఇన్ని నెలలుగా తను తిట్టిన కలాలన్నీ మంచివే. శెట్టి మంచివాడే, సిరా మంచిదే, కాగితం మంచిదే. అవ్వ చెప్పినట్టూ పంతులు చెప్పినట్టూ ఆ పెళ్ళికూతురి మేనత్త చెప్పినట్టూ చెడ్డది ఈ చెయ్యి ఒక్కటే. ఓబులమ్మ ఆ మాటను మనసులో పూర్తిగా అనుకుంది. అనుకున్నాక ఆమెకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. తన మీద కాదు. ప్రపంచంలో ఉన్న కలాలన్నిటినీ ఒక పక్కకే వాలుగా కోసి పెట్టి, వచ్చి రాసుకోండమ్మా అని పిలిచే అందరి మీదా వచ్చింది.

అంతలో ఒకామె గాజులకు వచ్చింది. ఓబులమ్మ ఆ నిలబడిన చుక్కల కాగితాన్నే చింపి గాజులు చుట్టి ఇచ్చేసింది.

ఆ రోజు వచ్చింది. గదిలో చాపలు పరిచారు. కిటికీ కింద గురువుగారి కలాల పెట్టె పెట్టి, పైన కొత్త గుడ్డ కప్పారు. మలీద పంచడం అయింది. కొత్తగా చేరిన వాళ్ళను ఉస్తాదు ఒక్కొక్కరినే పిలిచాడు. కాలేజీ పిల్లలు, బ్యాంకు కాషియరు, అందరూ కుడిచెయ్యి చాచి, కింద ఎడమచెయ్యి ఆనించి కలం అందుకున్నారు. అందరి చుక్కలూ నిలబడ్డాయి. దస్తగిరి సారు పేర్లు రాసి కాగితాలు ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చుకుంటున్నాడు.

ఓబులమ్మను పిలవరనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుని గుమ్మం దగ్గర కూర్చుంది, లేచి పోవడానికి వీలుగా. ఉస్తాదు అందరికంటే చివర్న ఆమె పేరే పిలిచాడు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన కలం చాచాడు. ఆమె ఎడమచెయ్యి చాచింది.

కాగితం అందివ్వబోతున్న దస్తగిరి సారు చెయ్యి అలాగే ఉండిపోయింది. ఓబులక్కా, ఈ ఒక్క పూట, అన్నాడు గొంతు తగ్గించి. వెనక ఎవరో పెద్దాయన, ఉస్తాదు చేతి కలాన్ని అట్లా అందుకోకూడదని తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు గానీ అందరికీ వినబడింది.

ఓబులమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"చెయ్యి తెచ్చుకోమంటిరి ఉస్తాదూ. తెచ్చుకున్నా. ఇది గాకుండా ఇంగోటి తెమ్మంటే నా దగ్గర లేదు. మీ కలం మీరే పెట్టుకోండి, నేను పోయి గాజులమ్ముకుంటా."

ఉస్తాదు ఆ చేతిని చూశాడు. మరకలు పోని అరచెయ్యి. కలాన్ని అందులో పెట్టి, కాగితం చూపించాడు.

ఆమె చుక్క పెట్టింది. సగమే పడింది. ఇంకొకటి పెట్టింది. అదీ సగమే. వరస చివరిదాకా అలాగే పెట్టింది, ఒక్కదానికీ తొందరపడలేదు, ఒక్కదానికీ తల దించుకోలేదు. ఆయన స్వయంగా చెక్కిన కలమే. ఎవరినీ తిట్టడానికి లేదు.

"ఇట్లియ్యమ్మా," అన్నాడాయన.

అయిపోయిందనుకుంది ఓబులమ్మ. కలం తిరిగి ఇచ్చేసింది. లేవబోయింది. ఆయన కూర్చోమని సైగ చేశాడు. కొత్త కాగితం ఒకటి తన ముందు పరుచుకున్నాడు. కలాన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

ఖలందర్ ఉస్తాదు రాసిన ఒక్క గీత చూడడానికి పక్క జిల్లాల నుంచి మనుషులు వస్తారు. ఆయన గీసిన నిలువు గీతకు దారం పట్టి చూసినా వంక కనబడదంటారు. ఆ మనిషి ఎడమచేత్తో కలం ముంచి, కాగితం మీద ఒక చుక్క పెట్టాడు. సగం పడింది. ఎలుక కొరికినట్టే ఉంది.

ఇంకొకటి పెట్టాడు. అది మరీ అన్యాయంగా ఉంది. పక్కకు జరుపుకుంటూ పోతుంటే ఆయన చొక్కా చెయ్యి తడి సిరా మీద ఈడ్చుకుపోయింది. తెల్లటి చెయ్యి అంచు నల్లబడింది. కాలేజీ పిల్లలు నవ్వు ఆపుకోలేక నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు, తర్వాత నవ్వు దానంతట అదే ఆగిపోయింది. వద్దు ఉస్తాద్, అందరూ చూస్తాండారు, అన్నాడు దస్తగిరి సారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉస్తాదు వినలేదు. చూస్తున్నారనే పెడుతున్నట్టు పెట్టాడు. కాగితం అడ్డంగా పెట్టి చూశాడు. ఏటవాలుగా తిప్పి చూశాడు. తిప్పితే చెయ్యి సిరా మీదికి పోవడం లేదని అప్పుడు తెలిసింది ఆయనకు. ఓహో అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

తర్వాత కత్తి తీశాడు. కలం మొన ఆనించి కోసే ఎముక పలక తీశాడు. కొత్త రెల్లుపుల్ల ఒకటి తీసుకుని, చెక్కి, మొన కోసి, ఎడమచేత్తో పెట్టి చూశాడు. కుదరలేదు. పారేశాడు. ఇంకోటి చెక్కాడు. వాలు తగ్గించి కోశాడు. కుదరలేదు. మరొకటి తిన్నగా కోశాడు. చుక్క పడుకుంది. ఆయన ఒళ్ళో, చాప మీద, రెల్లు పొట్టు పోగుపడింది. ఎన్నో ఏళ్ళుగా ఒకే వాలుకు అలవాటుపడ్డ కత్తి రెండోవైపుకు తిరగనని మొండికేసింది. ఒకసారి జారి ఆయన వేలు తెగింది. గుడ్డ పేలిక చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మలీద గిన్నెలు కడగడానికి లేచిన ఆడవాళ్ళు కడగకుండానే వచ్చి కూర్చున్నారు.

చివరికి పలక మీద పుల్లను తలకిందులుగా పెట్టి, వాలు పూర్తిగా అటు తిప్పి కోశాడు. టక్కుమంది. ముంచి పెట్టాడు.

చుక్క వణికింది. అంచులు తిన్నగా లేవు. కానీ నాలుగు మూలలూ ఉన్నాయి, నిలబడి ఉంది.

ఆయన కలం మొన తుడిచి, ఎడమచేత్తోనే పట్టుకుని ఓబులమ్మకు చాచాడు. ఆమె ఎడమచేత్తో అందుకుంది. సిరాలో ముంచింది. తన సగం చుక్కల వరస కిందే ఒకటి పెట్టింది.

ఆ చుక్క నిండుగా ఉంది. ఆమె దాన్ని చూసుకుంటూ కూర్చోలేదు. పక్కన ఇంకొకటి పెట్టింది, దాని పక్కన ఇంకొకటి. అంచు దాకా వచ్చాక గానీ తలెత్తలేదు. తలెత్తినప్పుడు ఆమె మొహంలో దండం పెట్టే వినయం ఏమీ లేదు, పోట్లాట ఉంది.

"ఒక కోతకే అయ్యేదానికి, ఇన్నాళ్ళూ ఊరికే చూస్తా ఎందుకు కూర్చుంటిరి ఉస్తాదూ? ఊళ్ళో ఉండే కలాలన్నీ కొనిపిస్తిరి."

గదిలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఉస్తాదు మాత్రం వేలికి చుట్టిన గుడ్డ సరిచేసుకుంటూ తాపీగా చెప్పాడు.

"నాకు చాతగాదమ్మా. ఎవురూ నేర్పించలేదు. నువ్వే చెయ్యి మార్చుకుంటావులే, నాకు పని తప్పుతాదిలే అని చూస్తాంటి."

ఓబులమ్మ ఇంకా ఏదో అనడానికి నోరు తెరిచి ఉంది. ఆ నోరు అలాగే మూసుకుంది. బజారులో ఎవరికీ సాధ్యం కాని పని అది. తన పక్కన, చాప మీద, తెల్లచొక్కా నల్లచెయ్యితో కూర్చున్న ఆ ముసలాయన్ను ఆమె మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

దస్తగిరి సారు కళ్ళు తుడుచుకుని, ఓబులమ్మ కాగితం తీసుకుని, కింద ఆమె పేరు రాశాడు. ఎప్పుడూ రాసేదాని కంటే కొంచెం పెద్దగా రాశాడు. దాన్ని వరసలో అందరి కింద పెట్టాడు. తర్వాత రెల్లు పొట్టునూ పాడైన పుల్లలనూ ఎత్తుతూ, వాటితో పాటు ఉస్తాదు చెడగొట్టిన కాగితాన్ని కూడా మడవబోయాడు.

ఉస్తాదు ఆపాడు. దాన్ని మడవొద్దనీ, దాని కింద కూడా పేరు రాయమనీ చెప్పాడు.

దస్తగిరి సారు ఆ సిరా మరకల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఖలందర్ అని రాశాడు. రాసి, గురువుగారి కలాల పెట్టె మీది గుడ్డ తొలగించి, మూత ఎత్తాడు. ఉస్తాదు కాగితం చోటు ఎక్కడో ఆయనకు తెలుసు. అన్నిటికంటే పైన. అక్కడ పెట్టబోయాడు.

"ఆడ కాదు దస్తగిరీ," అన్నాడు ఖలందర్ ఉస్తాదు. "ఓబులమ్మ కాగితం కింద పెట్టు. ఆయమ్మ నాకంటే ముందు చేరింది."